రెండు మీటల నడుమ

ఆంజినమ్మ గొంతు బాగుండదు. ఆ సంగతి ఆమెకు పెండ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది. కళ్ళంలో శెనక్కాయలు ఒలుస్తా ఆడవాళ్ళందరూ పాడుతుంటే తానూ గొంతు కలిపింది. పక్కనున్న మారెక్క చేతిలో చేట కింద పెట్టి, "ఏమ్మేయ్, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్ల ఉండాదే నీ గొంతు!" అనింది. అందరూ పడీపడీ నవ్వినారు. ఆంజినమ్మ కూడా నవ్వింది. ఆ పొద్దు మూసిన నోరు పాట కోసం చాలా ఏండ్లు మళ్ళీ తెరవలేదు.

ఆమె అత్త తిమ్మమ్మది అట్లాంటి గొంతు కాదు. మడకశిరకు అవతల, సగం తెలుగూ సగం కన్నడమూ మాట్లాడే బండకిందపల్లిలో గొర్రెల పదం పాడాలంటే తిమ్మమ్మే పాడాల. వానలు ఎగ్గొట్టిన ఏడు మగవాళ్ళు మందలు తోలుకొని తుంగభద్ర కాలవల దిక్కు పోతారు. నెలల తరబడి రారు. పోయిన గొర్రెల్లో సగం తిరిగి రావు. ఒక్కోసారి మనిషే రాడు. ఇండ్ల కాడ మిగిలిపోయిన ఆడవాళ్ళు కట్టుకున్న పాట అది. దానికి ఇవీ మాటలు అని లేవు. ఎవరి కష్టం వాళ్ళు పెట్టుకోవచ్చు. వరస మాత్రం ఒకటే. ఒక మాట అనాల, అదే మాట ఇంకోసారి అనాల, మూడోసారికి తిరగబడాల.

బాయిలో నీళ్ళు లేవని మామ నన్నడిగె,
బాయిలో నీళ్ళు లేవని మామ నన్నడిగె,
నా కండ్లల్లో ఉండాయి, చేంతాడు తేపో!

ఆ చివర 'చేంతాడు' అనే చోట తిమ్మమ్మ గొంతు పైకీ పోకుండా, కిందికీ రాకుండా ఒక చోట నిలబడేది. గీసుకుపోయిన మోకాలికి చల్లగాలి తగిలినట్లుండేది వినేవాళ్ళకు. నొప్పే, కానీ ఇంకోసారి తగిలితే బాగుండు అనిపించేది.

తొంభై తొమ్మిదిలో తిమ్మమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిపక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఎన్ని ఆసుపత్రులు తిప్పినా మనిషి మంచానికే మిగిలింది. ఊర్లో తక్కిన ఆడవాళ్ళకు ఆ పదం ముక్కలు ముక్కలుగానే వచ్చు. టీవీలు వచ్చినాక ఆ ముక్కలు కూడా పాడటం మానేసినారు.

రెండేండ్లు గడిచినాయి. ఒకరోజు ఆంజినమ్మ అత్తకు గంజి తాపిస్తోంది. ముసలామె మూతి ఒకపక్కకు వంకర తిరిగి, లోపల్నుంచి ఏదో గురగురమని శబ్దం వచ్చింది. మొదట గంజి గొంతుకు అడ్డం పడింది అనుకొని ఆంజినమ్మ భయపడింది. కాదు. అది గొర్రెల పదం. వరస ఎత్తుకోవాలని చూస్తోంది, రావడం లేదు. నాలుగుసార్లు ఎత్తుకొని, నాలుగుసార్లూ జారిపోయి, తిమ్మమ్మ మొహం గోడ దిక్కుకు తిప్పుకుంది.

ఆంజినమ్మకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియదు. గంజి గిన్నె కడుగుతా, "పోనీలే పోనీలే అనుకుంటా ఎన్ని పోగొట్టుకునేది?" అని పైకే అనింది.

ఆ నెలలోనే మడకశిరలో చుట్టాల పెండ్లి జరిగింది. ఊరేగింపులో బ్యాండు మేళం వచ్చింది. మేళానికి ముందు కుర్రవాడొకడు మెడలో క్యాషియో కీబోర్డు వేసుకొని వాయిస్తున్నాడు. యేసన్న అందరికంటే వెనకాల తాళాలు పట్టుకొని నడుస్తున్నాడు. పక్క ఊరి ఎస్సీ కాలనీ మనిషి. ముప్పై ఏండ్లు ఆ మేళానికి బ్యాంజో వాయించినవాడు. టైపు మిషను మాదిరి మీటలుంటాయి దానికి. ఎడమచేత్తో మీటలు నొక్కుతా, కుడిచేత్తో తీగలు మీటాల. చిన్నప్పుడు ఆంజినమ్మ ఆ బ్యాంజో వినడానికే ఊరేగింపుల వెంట పరుగెత్తేది.

ఆమె జనంలో నుంచి పక్కకు వచ్చి అడిగింది. "యేసన్నా, నీ బ్యాంజో పెట్టె యాడ?"

"ఇంట్లోనే ఉండాదిమ్మా, అటక మీద. క్యాషియో వచ్చినాక దాన్ని ఎవురడుగుతారు?"

"నేనడుగుతాండా."

యేసన్న నవ్వినాడు. ఆమె నవ్వలేదు. నవ్వలేదని చూసుకొని ఆయన కూడా ఆపినాడు.

ఈనబోయే గొర్రె ఒకటి తోలుకొని పోయి ఇచ్చి ఆంజినమ్మ బ్యాంజో తెచ్చుకుంది. మొగుడు తిప్పయ్య మందతో ఊర్లో లేడు. ఉండుంటే ముందు గొర్రె కోసం అరిచేవాడు, తర్వాత నవ్వేవాడు. ఊరు మాత్రం నవ్వడంతోనే మొదలుపెట్టింది. నలభై రెండేండ్ల ఆడది, గొర్రెల దొడ్డి ఊడ్చుకునే ఆడది, పెండ్లిమేళం పెట్టె పట్టుకొని కూర్చుంటే నవ్వకుండా ఎట్లుంటారు?

"కాలనీలోకి పోయి నేర్చుకుంటావంటనే?" అని మారెక్క అడిగింది. ఆమె మొగుడు ఓబుళేసు ఊరి భజన గురువు. హార్మోనియం ఆయనదే, మాటా ఆయనదే.

"పోతాండా."

"జనం ఏమనుకుంటారు?"

"అనుకోనీ. అనుకునేదానికి వాళ్ళకు నోర్లుండాయి, పోయేదానికి నాకు కాళ్ళుండాయి."

ఆదివారం ప్రార్థన అయిపోయినాక యేసన్న చర్చి అరుగు మీద కూర్చునేవాడు. ఆంజినమ్మ మూడు మైళ్ళు నడిచి పోయేది. ఆయనకు సరిగమలు తెలియవు. మీటల మీద ఎప్పుడో పెయింటుతో అంకెలు వేసుకున్నాడు. ఒకటి నుంచి మొదలుపెట్టి చివరిదాకా. పాటలన్నీ ఆయన తలలో అంకెలుగానే ఉన్నాయి. "మూడు, మూడు, ఐదు. ఇప్పుడు దిగు. నాలుగు, రెండు. అట్ల కాదు తల్లీ, రొట్టె పిండి పిసికినట్ల నొక్కద్దు. పిల్లోడి బుగ్గ ముట్టుకున్నట్ల ముట్టుకో." పాత సబ్బుపెట్టె మూత కోసి, తీగలు మీటడానికి చిన్న ముక్క చేసిచ్చినాడు.

మొదటి రెండు నెలలు ఆమె చేతులు మాట వినలేదు. పార పట్టి, పేడ ఎత్తి, గొర్రెల బొచ్చు కత్తిరించి బిగుసుకుపోయిన వేళ్ళు అవి. నాలుగు నొక్కితే ఐదు కూడా కలిసి దిగేది. ఎడమచెయ్యి కదిలితే కుడిచెయ్యి ఆగేది. పొద్దున గొర్రెపిల్లలకు ఆకు వేస్తా గాల్లోనే వేళ్ళు ఆడించేది. చూసినవాళ్ళు అత్తకొచ్చిన రోగం కోడలికి కూడా తగులుకుంది అన్నారు.

మూడో నెలకు వేళ్ళు దారికి వచ్చినాయి. యేసన్న రెండు పెండ్లిపాటలు నేర్పినాడు. ఆమె వాయించి చూపించి, "ఇవి చాలు. నాకు గొర్రెల పదం కావాల" అనింది. తన రేకు గొంతుతోనే, చర్చి అరుగు మీద, ఇరవై ఏండ్ల తర్వాత మొదటిసారి పాడింది. యేసన్న కండ్లు మూసుకొని విని, మీటల మీద వెతికినాడు. వరస అంతా దొరికింది. చివర్లో ఆ ఒక్క చోట తప్ప.

నాలుగు నొక్కినాడు. తక్కువైంది. ఐదు నొక్కినాడు. ఎక్కువైంది.

"నీ పాటలోనే తప్పుండాదమ్మా" అన్నాడు. "ఇట్లాంటి స్వరం పెట్టెలో లేదు. ఐదు పెట్టేసెయ్. ఐదు పెడితే సంతోషంగా ఉంటాది. ఎవురూ కనిపెట్టరు."

ఆంజినమ్మ ఇంటికి వచ్చి, తిమ్మమ్మ మంచం పక్కన కింద కూర్చొని వాయించింది. మొదటి మాట అయింది. రెండో మాట అయింది. మూడో మాట చివర ఐదు నొక్కింది.

ఫట్‌మని శబ్దం వచ్చింది. ఆంజినమ్మ ఉలిక్కిపడి చూసింది. తిమ్మమ్మ పనిచేసే ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టింది. కండ్లు ఎర్రగా ఉన్నాయి.

మళ్ళీ వాయించి, ఈసారి నాలుగు నొక్కింది. ఫట్.

ఆ పొద్దు నుంచి ఆ ఇంట్లో ఇద్దరు గురువులు. ఆదివారం యేసన్న, తక్కిన ఆరు రోజులూ తిమ్మమ్మ. మాటలేని ఆ ముసలామె చాలా కఠినంగా చదువు చెప్పింది. వేగం పెరిగితే ఫట్. సాగదీస్తే ఫట్. వరసంతా చక్కగా వచ్చి చివర ఆ ఒక్క చోటికి చేరేసరికి, నాలుగు పెట్టినా ఐదు పెట్టినా ఫట్టే.

"నన్నేం చేయమంటావు అత్తా?" అని ఒకరోజు ఆంజినమ్మ గట్టిగా అరిచింది. "పెట్టెలో లేదంట! లేనిది నేను యాడ నుంచి తెచ్చేది?"

తిమ్మమ్మ మళ్ళీ పట్టె మీద కొట్టింది. లేదంటే ఒప్పుకోను అని ఆ దెబ్బలోనే చెప్పింది.

ఆదివారం యేసన్నతో ఆంజినమ్మ అదే మాట అనింది. "పాటలో తప్పు లేదు యేసన్నా. తప్పు పెట్టెలో ఉండాది. పెట్టె కోసం పాటను నేను మార్చను."

"ఫ్యాక్టరీలో చేసిన పెట్టెనే తప్పంటావా?"

"అంటాండా. దాన్ని చేసినోడు మా అత్త పాట విన్నాడా?"

తీగ వదులు చేసి చూసింది. బిగించి చూసింది. మీటల కింద గుడ్డపీలిక పెట్టి చూసింది. తీగ తెగి బొటనవేలు కోసుకుంది. పసుపు అద్ది గుడ్డ చుట్టుకొని మళ్ళీ కూర్చుంది. శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. ఒక మధ్యాహ్నం ఎండ రేకుల మీద ఉడుకుతుంటే, యాభయ్యోసారో అరవయ్యోసారో ఫట్‌మని విన్నాక, ఒళ్ళు మండి, నాలుగో మీట నొక్కిపెట్టే ఉంచి, మోగుతున్న తీగను కుడిచేతి బొటనవేలుతో పక్కకు గుంజింది. తెగితే తెగనీ అనుకొని గుంజింది.

తీగ తెగలేదు. మూలిగింది. నాలుగు నుంచి లేచి, ఐదుకు చేరకుండా, నడుమ నిలబడింది.

ఆంజినమ్మ చెయ్యి ఆగిపోయింది. మంచం దిక్కు చూసింది. తిమ్మమ్మ చెయ్యి పట్టెకు జానెడు ఎత్తున లేచి ఉంది. లేచిన చెయ్యి లేచినట్లే ఉండి, మెల్లగా దిగి, కోడలి తల మీదికి వచ్చింది. చాలాసేపు అక్కడే ఉంది.

తర్వాతి ఆదివారం యేసన్న ఆ చోటు మూడుసార్లు వాయించమన్నాడు. మూడోసారి వినేసరికి తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ముప్పై ఏండ్లు ఈ పెట్టెను మోసినా" అన్నాడు. "దీంట్లో ఇది ఉండాదని నాకు తెలీకపాయె. ఏదీ, నాకు నేర్పు." ఆ పొద్దు ఆయన శిష్యుడు, ఆమె గురువు.

ఆ ఏడు, రెండువేల రెండు, వాన పూర్తిగా మొహం చాటేసింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. దుక్కులు దున్నిపెట్టుకున్న నేల దున్నినట్లే ఉండిపోయింది. విత్తనాలకని దాచిన శెనక్కాయలు ఇండ్లల్లో పుచ్చిపోతున్నాయి. బోర్లల్లో నీళ్ళ బదులు గాలి వస్తోంది. కాలవల కింద కూడా మేత లేదని తిప్పయ్య మంద తోలుకొని వెనక్కి వచ్చినాడు. పోయినప్పుడు ఎనభై, వచ్చినప్పుడు నలభై ఒకటి. మొగుడు దొడ్డి కాడ కూలబడి తల పట్టుకున్నాడు. ఆంజినమ్మ నీళ్ళిచ్చి, పక్కన కూర్చొని, బ్యాంజో ఒళ్ళో పెట్టుకొని అత్త పాట వాయించింది. తిప్పయ్య నవ్వలేదు. అయిపోయినాక, "ఇది మాయమ్మ గొంతు" అన్నాడు.

శ్రావణంలో ఊరు వాన కోసం సప్తాహం పెట్టింది. ఏడు రోజులు ఆగకుండా భజన. ఓబుళేసు ముందుండి జరిపిస్తున్నాడు. మొదలయ్యే దానికి ముందురోజు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకొని తిప్పయ్య ఇంటికి వచ్చినాడు.

"తిప్పయ్యా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. "మీ ఇంట్లోంచి దినామూ ఆ ఏడుపు పాట ఊరంతా వినబడతాండాది. ఊరు వాన కోసం దండం పెడతాంటే ఒకిల్లు శోకం పెడితే ఎట్ల? వచ్చే వాన కూడా ఎనక్కి పోతాది. ఈ ఏడు రోజులూ ఆ పెట్టె మూసిపెట్టమని నీ పెండ్లానికి చెప్పు."

తిప్పయ్య పెండ్లాం దిక్కు చూసి గొంతు తగ్గించినాడు. "ఏడు రోజులే కదా ఆంజినీ. మూసిపెడితే ఏం పోతాది?"

"పోయేదేం లేదు మామా. కానీ మూసిపెట్టను" అనింది ఆంజినమ్మ. చేతిలో చీపురు గోడకు ఆనించి ముందుకొచ్చింది. "ఓబుళేసన్నా, ఒక మాట అడుగుతా. పోయినేడు వాన రాలేదు. పోయినేడు ఈ పెట్టె నాకు సరిగ్గా వాయించను కూడా రాదు. అప్పుడు వానను ఎవురు ఎనక్కి పంపినారు?"

"ఎదురు మాట్లాడొద్దు ఆంజినమ్మా."

"మాట్లాడతా. మేం ఏడిస్తే వాన పోతాదంటివే, మీరు నవ్వినన్ని దినాలూ వచ్చిందా? మా గొర్రెలు నలభై చచ్చినాయి. చచ్చినాయి అని కూడా చెప్పగూడదా? దేవుడి ముందర బాగుండాం బాగుండాం అని అబద్ధాలు పాడాల్నా?"

పెద్దమనుషుల్లో ఒకాయనకు కోపం వచ్చింది. "ఇంటికి పెద్దదిక్కు తిమ్మమ్మ ఉండాది కదా. ఆమెనే అడుగుదాం పదండి. పెద్దామె అంటే నువ్వు వింటావా?"

"వింటా" అనింది ఆంజినమ్మ. "మా అత్త వద్దంటే ఈ క్షణమే అటక మీద పెడతా."

అందరూ లోపలికి పోయినారు. ఓబుళేసు మంచం దగ్గర వంగి, చెవిటివాళ్ళకు చెప్పినట్లు గట్టిగా చెప్పినాడు. "అవ్వా! సప్తాహం పెట్టినాం. నీ కోడల్ను ఆ ఏడుపు పాట ఆపమని చెప్పు. ఆపేది న్యాయమే కదా?"

తిమ్మమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఎడమచెయ్యి ఎత్తి పట్టె మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడోది ఎంత గట్టిగా కొట్టిందంటే, మంచం కింద పడుకున్న గొర్రెపిల్ల లేచి బయటికి పరుగెత్తింది.

"ఏమంటాది?" అన్నాడు ఓబుళేసు.

తిప్పయ్య జవాబు చెప్పినాడు. వాకిలి దగ్గర నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పినాడు. "తప్పు అంటాది. ఈ ఇంట్లో అందరికీ తెలుసు దాని అర్థం. పోయిరాండన్నా."

ఆ సాయంత్రం ఊరు తీర్మానం చేసింది. తిప్పయ్య గడప ఎవరూ తొక్కకూడదు. సప్తాహంలో వాళ్ళకు తీర్థం లేదు, ప్రసాదం లేదు. వాళ్ళతో మాట కలిపినవాళ్ళకూ అంతే.

ఆంజినమ్మ ఏడు రోజులూ వాయించింది. అంతకుముందు లోపల మంచం పక్కన వాయించేది. ఇప్పుడు వాకిట్లోకి వచ్చి, వీధి దిక్కు మొహం పెట్టి, పట్టపగలు వాయించింది. అటు నుంచి తాళాలు, ఇటు నుంచి తీగలు. బిందె పట్టుకొని పోయే ఆడవాళ్ళు తల వంచుకొని పోతా, ఆ ఇంటి ముందుకు రాగానే అడుగు నెమ్మది చేసేవాళ్ళు. ఆమె ఎవరినీ పిలవలేదు. ఎవరు వింటున్నారో తలెత్తి చూడలేదు. భయం లేదని కాదు. గొర్రెలకు జబ్బు చేస్తే సాయానికి వచ్చేవాళ్ళుండరు, అత్తకేమన్నా అయితే మోసేవాళ్ళుండరు. అయినా దినామూ వాకిట్లోకి వచ్చి కూర్చునేది.

సప్తాహం ముగిసింది. ఆకాశం కడిగిన పళ్ళెం మాదిరి ఉంది. వాన రాలేదు. ఓబుళేసు మొహం పీక్కుపోయింది. ఆయనకూ అయిదెకరాల బీడే ఉంది, ఆయన కడుపూ ఆ నేల మీదే ఆధారపడింది. వాన రాకపోయేసరికి ఇంకా మొండికెత్తి, ఆంజినమ్మ వల్లనే రాలేదని చెప్పడం మొదలుపెట్టినాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మారెక్క ఖాళీ బిందెతో నీళ్ళకు తిరుగుతా వీధిలో ఆగింది. ఆగి, అటూ ఇటూ చూడకుండా నేరుగా వచ్చి, గడప దాటి, ఆంజినమ్మ ఎదురుగా బిందె బోర్లించి దాని మీద కూర్చుంది.

ఆంజినమ్మ వాయించడం ఆపింది. "నీ మొగుడు పెట్టిన కట్టుబాటు ఇది."

"తెలుసు. పదకొండు ఇండ్లు తిరిగినా, కడవెడు నీళ్ళు దొరకలా. ఇంటికి పోతే ఎందుకాలస్యం అని అరుస్తాడు. ఏడు దినాలు దేవుడికి చెప్పినాం, వినలా. నేను ఎవురికి చెప్పుకోవాల?" మారెక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు వాయించు. నేను పాడతా."

ఆంజినమ్మ మొదలుపెట్టింది. మారెక్కకు చిన్నప్పుడు విన్న ముక్కలేవీ గుర్తుకు రాలేదు. వరస పట్టుకొని తన మాటలే పెట్టుకుంది.

ఏడు దినాలు భజన చేసి మామ అలిసిపాయె,
ఏడు దినాలు భజన చేసి మామ అలిసిపాయె,
నీళ్ళ బిందె నువ్వు మొయ్యి మామా, నేను చేస్తా భజన!

పక్కింటి కిటికీలోంచి ఎవరో ఫక్కున నవ్వినారు. లోపలి నుంచి తిమ్మమ్మ గురగురమంది. ఆ పొద్దు ఇద్దరు వచ్చినారు. మరునాటికి ఐదుగురయినారు. ఒకామె మొగుడు బెంగుళూరు పోయి ఉత్తరం ముక్క రాయలేదని పాడింది. ఇంకొకామె విత్తనాలు ఎలుకలు తిన్నాయని, ఎలుకలకైనా కడుపు నిండిందని పాడింది. ప్రతి పాటా చివరికి ఆ నడిమి స్వరం దగ్గరికి వచ్చేది. అక్కడ అందరి గొంతులూ తడబడేవి. ఆంజినమ్మ తీగ గుంజి దారి చూపించేది.

నాలుగో రోజు ఓబుళేసు వచ్చినాడు. గడప బయట, వీధిలో నిలబడి, "మారీ! లెయ్, ఇంటికి రా!" అన్నాడు.

మారెక్క వెనక్కి తిరిగి చూడలేదు. రెండో మాటలో ఉంది. మూడో మాట పూర్తిగా పాడింది. తర్వాత లేచి, కొంగు దోపుకొని, మొగుడికి ఎదురుగా పోయి గడప లోపలే నిలబడింది.

"సంగటి కుండలో ఉండాది. పెట్టుకొని తిను. నేను పొద్దు గుంకినాక వస్తా."

"ఊరు పెట్టిన కట్టుబాటు!"

"ఊరంటే నువ్వా? ఈడ ఎనిమిది మందిమి ఉండాం, మేం ఊరు కాదా? మేం రాకుండా తీర్మానం చేసినారు, మమ్మల్ని అడిగినారా?"

ఓబుళేసు ఆంజినమ్మ దిక్కు చూసినాడు. ఆమె తలెత్తింది. గెలిచిన మొహం కాదు అది, కానీ దించుకునే మొహం కూడా కాదు. "లోపలికి రా ఓబుళేసన్నా" అనింది. "నీకూ అయిదెకరాలు ఎండిపాయె కదా. నీ మాటలకూ వరస ఉండాది."

ఆయన లోపలికి రాలేదు. వచ్చిన దారినే పోయినాడు. ఆ రోజు ఆయన తానే వడ్డించుకొని తిన్నాడని వీధంతా తెలిసింది. కట్టుబాటును ఎవరూ ఎత్తివేయలేదు. ఎనిమిది మంది ఆడవాళ్ళు దినామూ దాటే గడపకు కట్టుబాటు ఉందని చెప్పడానికి మగవాళ్ళకే సిగ్గేసింది.

భాద్రపదం చివర రెండు వానలు పడినాయి. శెనక్కాయకు అదును దాటిపోయింది. జనం ఉలవలు చల్లుకున్నారు. వాన భజనకు వచ్చిందా, ఏడుపుకు వచ్చిందా అని ఎవరో వాదన పెట్టబోతే, "ఆలస్యంగా వచ్చింది" అని ఆంజినమ్మ ఒక్కమాటతో తేల్చేసింది.

పుష్యమాసంలో తిమ్మమ్మ పోయింది. పొద్దున గంజి తాగి, ఒక నిద్ర తీసి, మళ్ళీ లేవలేదు. ఓబుళేసు భజన బృందంతో వచ్చినాడు. సాగనంపడానికి వచ్చినందుకు తిప్పయ్య చేతులు జోడించినాడు. కాలనీ నుంచి యేసన్న కూడా వచ్చి, దూరంగా వేపచెట్టు కింద నిలబడితే, ఆంజినమ్మ పోయి ఆయన్ను పిలుచుకొచ్చి తన పక్కన నిలబెట్టుకుంది. కొందరు మొహాలు తిప్పుకున్నారు. ఆమె చూడలేదు.

పాడె లేచింది. ఆంజినమ్మ బ్యాంజోకు పాత చీర పీలిక కట్టి మెడకు తగిలించుకుంది. ఊరి చివర రోడ్డు దగ్గర ఆడవాళ్ళు ఆగిపోవాలి. అక్కడి నుంచి మగవాళ్ళే పోతారు. ఎప్పుడూ అంతే. పాడె రోడ్డు దాటింది. ఆంజినమ్మ వాయిస్తానే రోడ్డు దాటింది. ఆమె వెనక మారెక్క, మారెక్క వెనక ఇంకో పది మంది.

"ఆడోళ్ళు ఈడికే!" అని వెనక నుంచి ఎవరో అరిచినారు.

ఓబుళేసు దారికి అడ్డంగా నిలబడినాడు. ఆంజినమ్మ వాయించడం ఆపలేదు, నడవడం ఆపలేదు. ఆయన ముందుకు వచ్చేసరికి పాట నడిమి స్వరం దగ్గరికి వచ్చింది, తీగ గుంజింది. ఆయన పెండ్లాం మొహం చూసినాడు, పాడె దిక్కు చూసినాడు, తాళాలు చంకలో పెట్టుకొని దారి పక్కకు జరిగినాడు.

గుంతలోకి దించేదాకా ఆమె వాయించింది. తర్వాత పీలిక ముడి విప్పి, బ్యాంజోను యేసన్న చేతికిచ్చింది. వంగి, ఎర్రమట్టి పిడికిట్లోకి తీసుకొని, మొగుడి పక్కన నిలబడి, తానూ మూడుసార్లు అత్త మీద వేసింది.